దూరం నుండి మోటారు నడపడం: రిమోట్ కంట్రోలు పుట్టు పూర్వోత్తరాలు, వాడకంలో జాగ్రత్తలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు, లెక్కల పుస్తకాలు చూడడం ముగిసిన తరువాత సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలలో ఒకటి ఈ మధ్య తరచుగా వినబడుతున్నది. "సెల్లు స్టార్టరు పెట్టించుకుంటే మంచిదేనా సార్?" అని. పాలు పోసే సభ్యులలో చాలామందికి బోరు, మోటారు, నాలుగు గుంటల పచ్చిమేత మడి ఉన్నవి. మరికొన్ని సంఘాలలో బల్క్ కూలరుకు కూడా ఫోనుకు సమాచారం పంపే పరికరం బిగించి ఉన్నది. కనుక ఈ దూర నియంత్రణ, అనగా రిమోట్ కంట్రోలు అనేది ఏమిటి, ఎక్కడ నుండి వచ్చినది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అనే సంగతులను సభ్యుల ముందుంచదలచినాము.

దూరం నుండి ఒక వస్తువును నడపడం మన రైతుకు కొత్త విద్య కాదు. మోట తోలిన పెద్దలు ఇంకా మన గ్రామాలలో ఉన్నారు. మోట బొక్కెనకు రెండు తాళ్ళు ఉండేవి. లావు తాడు బొక్కెనను లాగేది. సన్న తాడు తోలు తొండాన్ని పైకి పట్టి ఉంచి, బొక్కెన ఒడ్డుకు రాగానే తొండం తనంతట తాను తొట్టిలోనికి వంగి నీరు వదిలేటట్లు చేసేది. రైతు బావి గట్టున లేడు, ఎడ్ల వెంట కిందికి దిగిపోయి ఉన్నాడు. అయినా పని జరిగేది. పాత రైల్వే స్టేషన్లలో మాస్టరుగారి గది దగ్గర మీట లాగితే ఎంతో దూరాన సిగ్నలు రెక్క వాలేది. అది కూడా తీగతో చేసిన దూర నియంత్రణయే.

ఏ రిమోట్ కంట్రోలులోనైనా చూడవలసిన అంగాలు నాలుగు. ఆజ్ఞ ఇచ్చేది ఒకటి, ఆజ్ఞను మోసుకొని పోయేది ఒకటి, అక్కడ పని చేసేది ఒకటి. నాలుగవది, పని జరిగినదా లేదా అని తిరిగి కబురు చెప్పేది. మొదటి మూడూ ఉంటే చాలునని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు. మా దృష్టిలో నాలుగవదానికే ఎక్కువ డబ్బు పెట్టవలెను. మోట తోలే రైతుకు నీరు తొట్టిలో పడిన చప్పుడు చెవికి వినబడేది. ఆ చప్పుడే అతనికి తిరుగు కబురు. ఫోను నొక్కిన రైతుకు ఆ చప్పుడు వినబడదు.

తాడు, తీగ లేకుండా ఆజ్ఞ పంపవచ్చునని లోకానికి తెలిసి నూటపాతికేళ్ళు దాటినది. మన దేశంలోనే 1895లో కలకత్తా టౌన్ హాలులో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు కంటికి కనబడని విద్యుత్ తరంగాలను పంపి, అవతలనున్న గంటను మోగించి, తుపాకి మందును వెలిగించి చూపించారు. మధ్యలో గోడలు అడ్డమున్నా తరంగాలు ఆగలేదు. మరి మూడేళ్ళకు, 1898లో, నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త అమెరికాలోని న్యూయార్కులో నీటి తొట్టిలో చిన్న పడవను వదలి, దానిని ముట్టుకోకుండా అటూ ఇటూ త్రిప్పి, దీపాలు వెలిగించి ఆర్పి చూపించినాడు. చూసినవారిలో కొందరు పడవలో శిక్షణ పొందిన కోతి కూర్చున్నదేమోనని అనుకొన్నారట. అదే సంవత్సరం నవంబరులో ఆయనకు పేటెంటు లభించినది. స్పెయిన్ దేశపు ఇంజనీరు తోరెస్ క్వెవెదో 1906లో బిల్బావో రేవులో తమ రాజుగారి ఎదుట ఒడ్డున నిలబడి పడవను నడిపి చూపినాడు.

ఇంట్లో టీ.వీ.కి వాడే రిమోటు తరువాత వచ్చినది. అమెరికాలోని జెనిత్ కంపెనీ 1950లో మొదట తీగ ఉన్న రిమోటును అమ్మినది. ఆ తీగ కాళ్ళకు అడ్డుపడి జనం విసిగిపోయినారు. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు టార్చి వెలుగుతో పనిచేసే రిమోటు చేసినాడు, కాని కిటికీలోనుండి ఎండ పడితే ఛానలు దానంతటదే మారిపోయేది. 1956లో రాబర్ట్ ఆడ్లర్ చేసినదానికి బ్యాటరీ అవసరమే లేదు. మీట నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, మనిషి చెవికి అందని ధ్వని పుట్టేది, దానిని టీ.వీ. గ్రహించేది. ఇప్పటి టీ.వీ. రిమోట్లలో ఎక్కువ భాగం కంటికి కనబడని పరారుణ కాంతితో పనిచేస్తవి. నమ్మకం లేనివారు రిమోటు ముక్కును సెల్లు కెమెరా ఎదుట పెట్టి మీట నొక్కి చూడవచ్చును. చాలా ఫోన్లలో చిన్న వెలుగు మినుకుమినుకుమనడం కనబడుతుంది. ఈ కాంతి గోడ దాటదు. కనుకనే మన రిమోటు పక్కింటి టీ.వీ.ని మార్చదు. బోసుగారి రేడియో తరంగం గోడ దాటుతుంది. సెల్లు స్టార్టరు ఆ రెండవ జాతికి చెందినది.

ఇక్కడ చంద్రుని మీది బండి సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1970 నవంబరులో సోవియట్ రష్యా లూనోఖోద్ అనే ఎనిమిది చక్రాల బండిని చంద్రుని మీద దించి, భూమి మీద కూర్చున్న డ్రైవర్లతో నడిపించినది. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. రేడియో తరంగానికి పోవడానికి ఒకటింబావు సెకను, రావడానికి అంతే పడుతుంది. అనగా డ్రైవరు చూస్తున్న బొమ్మ అప్పటికే పాతది. అతడు ఆజ్ఞ ఇచ్చి అది బండికి చేరేలోపల బండి ఇంకొంత ముందుకు పోయి ఉంటుంది. అందుకని వారు నెమ్మదిగా, కొద్దికొద్దిగా నడిపి, ఆగి, చూసి, మళ్ళీ నడిపేవారు. మన సెల్లు స్టార్టరు చంద్రుని మీద లేదు గాని, నెట్‌వర్కు రద్దీగా ఉన్నప్పుడు ఎస్.ఎం.ఎస్. పది నిమిషాలు ఆలస్యంగా రావడం అందరికీ అనుభవమే. "మోటారు ఆగినది" అని వచ్చిన కబురు ఇప్పటిదా, ఇంతకు ముందుదా? ఆ సందేహం ఎప్పుడూ మనసులో ఉండవలెను.

ఇక స్టార్టరు సంగతి. 5 హార్స్‌పవర్ మోటారుకు పోయే కరెంటును ఫోనులోని చిన్న పరికరం నేరుగా మోయలేదు. స్టార్టరు పెట్టెలో ఒక చుట్ట ఉంటుంది, దానిని మన మెకానిక్కులు నో వోల్ట్ కాయిల్ అంటారు. దానిలో కొద్దిపాటి కరెంటు పారితే అది అయస్కాంతంగా మారి, పెద్ద కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే పట్టు విడుస్తుంది, మోటారు ఆగుతుంది. మళ్ళీ కరెంటు వచ్చినా, ఎవరో ఒకరు పచ్చ మీట నొక్కితే తప్ప మోటారు లేవదు. పిల్లకాలువ తూము తెరచినట్లు చిన్న శక్తి పెద్ద శక్తికి దారి విడుస్తుంది, అంతే. సెల్లు స్టార్టరు చేసే పని మన వేలికి బదులు ఆ మీటను నొక్కడం. పచ్చ మీటకు ఒక రిలే, ఎర్ర మీటకు ఒక రిలే, వాటిని కదిలించడానికి సిమ్ము వేసిన చిన్న పెట్టె. ఇందులో మంత్రమేమీ లేదు.

దీని అవసరం మన ప్రాంతంలో ఎందుకు వచ్చినదో అందరికీ తెలిసినదే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవారికి నీరు కాలువలో వస్తుంది. కాలువ అందని మెట్ట గ్రామాలు, కాలువ చివరి భూములు బోర్ల మీద ఆధారపడినవి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినది గాని, అది రోజులో కొన్ని గంటలు మాత్రమే, అది కూడా పగలు కొంత, రాత్రి కొంతగా వచ్చేది. రాత్రి ఏ జామున కరెంటు వస్తుందో చూసి, టార్చి పట్టుకొని గట్ల వెంట నడిచి మోటారు వేయవలసి వచ్చేది. పాము కాటుకు, తడి చేతితో స్టార్టరు ముట్టుకొని షాకుకు ప్రాణాలు పోగొట్టుకొన్నవారు లేని మండలం లేదు.

ఆ బాధకు రైతు వెతుక్కొన్న మొదటి విరుగుడు ఆటో స్టార్టరు. ఇది రిమోటు కాదు, ఈ రెంటినీ చాలామంది ఒకటిగా అనుకొంటున్నారు. ఆటో స్టార్టరుకు ఆజ్ఞ ఇచ్చేవారు ఎవరూ లేరు. కరెంటు రాగానే అది తనంతట తాను మోటారును లేపుతుంది, కరెంటు ఉన్నంతసేపు నడుపుతుంది. కొన్ని గంటల సరఫరా ఉన్న రోజులలో దీనివలన రైతుకు నిద్ర దక్కినది. 2017 జులైలో పాత నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాలలో ప్రయోగాత్మకంగానూ, 2018 జనవరి 1 నుండి తెలంగాణ అంతటా 24 గంటల సరఫరా మొదలైన తరువాత అదే ఆటో స్టార్టరు శత్రువుగా మారినది. కరెంటు పోదు, మోటారు ఆగదు, మడి నిండి పొర్లి డొంకలోనికి పారినా అడిగేవాడు లేడు. అందుకే అప్పటి ప్రభుత్వం ఆటో స్టార్టర్లను తీసివేయవలసినదిగా రైతులను పదేపదే కోరినది.

లెక్క వేసి చూతము. 5 హార్స్‌పవర్ మోటారు అనగా సుమారు 3.7 కిలోవాట్లు. అక్కర లేకుండా రాత్రి 6 గంటలు నడిస్తే 22 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చు. రైతు బిల్లు కట్టకపోవచ్చును, కాని ఆ 6 గంటల నీరు అతని బోరులోదే. ఎండాకాలంలో మేతకు తడి పెట్టవలసిన నీరు చలికాలంలోనే డొంక పాలైనది. మే నెలలో పచ్చిమేత లేక పాలు తగ్గినవని సంఘానికి వచ్చి వాపోయే సభ్యులు ఈ లెక్కను ఒకసారి వేసుకొని చూడవలెను.

సెల్లు స్టార్టరులో ఆజ్ఞ మనిషిదే, కనుక ఆపడం కూడా మనిషి చేతిలోనే ఉన్నది. మన దేశంలో మొదటి సెల్లు ఫోను సంభాషణ 1995 జులై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగినది. ఆ తరువాత పుణెకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ 'నానో గణేశ్' అనే పేరుతో ఫోనుతో పంపు నడిపే పరికరాన్ని చేసినారు. దానికి 2009లో నోకియా కంపెనీ పెట్టిన పోటీలో బహుమతి కూడా వచ్చినది. బెంగళూరు నుండి 'కిసాన్ రాజా' వచ్చినది. ఇప్పుడు బజారులో ఇంకా ఎన్నో రకాలు దొరుకుతున్నవి. ఏ కంపెనీది కొనవలెనని మమ్మల్ని అడగవద్దు. అది మా పని కాదు. కొనేటప్పుడు ఏమి అడగవలెనో మాత్రం చెప్పగలము.

మూడు ఫేజులలో ఒకటి పోతే మోటారును ఆపుతుందా? బోరులో నీరు తగ్గి మోటారు ఉత్తగా తిరిగితే గుర్తిస్తుందా? నడుస్తున్నదని చెప్పేటప్పుడు మీట పడినదని మాత్రమే చెబుతుందా, లేక మోటారు తీసుకొంటున్న కరెంటును కొలిచి చెబుతుందా? ఈ చివరి ప్రశ్నకు దుకాణంవారు నీళ్ళు నమిలితే ఆ పెట్టెను అక్కడే వదలి రావచ్చును. అదిగాక, పాత పరికరాలలో చాలా 2జి సిమ్ముతో మాత్రమే పనిచేస్తవి. జియో వంటి 2జి లేని సిమ్ము వాటికి పనికిరాదు. ఇంటి ఫోనుకు రీచార్జి చేసేవారు పొలంలోని సిమ్మును మరచిపోతారు. గడువు తీరిన రోజున పెట్టె బాగానే ఉంటుంది, పిలిస్తే పలకదు.

ఇప్పుడు అసలు ప్రమాదం సంగతి. సభ్యులు ఈ భాగాన్ని ఇంటిలోనివారికి కూడా చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము.

సెల్లు స్టార్టరుకు కళ్ళు లేవు. మోటారు దగ్గర ఎవరున్నారో దానికి తెలియదు. పరికరంలో నమోదైన నంబరు సాధారణంగా ఇంటి యజమానిది. అతడు సూర్యాపేట మార్కెట్టు యార్డులో ఉంటాడు. పొలంలో మేత కోస్తున్నది భార్య. పైపు ఊడినదని ఆమె బిగించబోతున్న సమయానికి, లేక మెకానిక్కు కేబులు జాయింటు విప్పి పట్టుకొన్న సమయానికి, అక్కడి నుండి అతడు ఫోను నొక్కితే? ఇద్దరూ తెలివైనవారే, తప్పు ఎవరిదీ కాదు, ప్రాణం మాత్రం పోతుంది. స్టార్టరులో ఎర్ర మీట నొక్కి పనిలోకి దిగితే చాలదు. ఎర్ర మీట నొక్కిన మోటారును పచ్చ ఆజ్ఞ మళ్ళీ లేపుతుంది. మెయిన్ స్విచ్చి దించి, మూడు ఫ్యూజు క్యారియర్లను ఊడదీసి జేబులో వేసుకొని గాని మోటారును, కేబులును, పైపును ముట్టరాదు. ఫ్యూజులు మన జేబులో ఉండగా ఎన్ని ఫోన్లు వచ్చినా మోటారు లేవదు.

విద్యుత్ శాఖవారి పద్ధతి ఇదే. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్ స్టేషను నుండి లైన్ క్లియర్, మనవారి మాటలో ఎల్.సి., తీసుకొంటాడు. తిరిగి తానే చెప్పేదాకా అవతలివారు లైను ఇవ్వరాదు. కొందరు రైతులు ఎల్.సి. లేకుండా, ఏ.బి. స్విచ్చి సరిగా పడినదో లేదో చూడకుండా ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు తామే వేయబోయి చనిపోతున్నారు. అది ఎంతమాత్రం చేయరాదు. 1912 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమవుతుంది, నిజమే. మడి ఒక పూట ఎండుతుంది, మళ్ళీ తడుస్తుంది.

సెల్లు స్టార్టరు పెట్టినవారు ఎర్తును ఇంకా ఎక్కువగా చూసుకోవలెను. బొగ్గు, ఉప్పు పోసి పాతిన ఎర్తు గుంటలో ఎండాకాలం నీరు పోయకపోతే అది ఉన్నా లేనట్లే. పూర్వం రోజూ స్టార్టరు దగ్గరకు పోయేవారికి పెట్టెను ముట్టగానే జిల్లుమంటే ఎర్తు చెడినదని తెలిసేది. ఇప్పుడు నెలకొకసారి పోతున్నారు. ఈలోపల ఇనుప పెట్టెకో, దాని పక్క తీగకో కరెంటు పాకి ఉంటే మొదట తగిలేది గేదె. నాలుగు కాళ్ళు దూరదూరంగా తడి నేల మీద ఆనించి ఉండడం వలన మనిషిని ఏమీ చేయని కొద్దిపాటి నేల కరెంటు కూడా పశువును పడగొడుతుంది. వర్షాకాలంలో స్టార్టరు స్తంభానికి గేదెను కట్టివేయడం మన కంటికి ఇప్పటికీ కనబడుతున్నది.

గడ్డి కోసే యంత్రం విషయంలో మాత్రం మా మాట కఠినంగానే ఉంటుంది. దానికి రిమోటు గాని, ఆటో స్టార్టరు గాని ఎట్టి పరిస్థితులలోనూ పెట్టరాదు. కొన్ని కొట్టాలలో బోరు స్టార్టరు నుండే ఒక తీగ లాగి గడ్డి మిషనుకు ఇచ్చి ఉంచడం చూశాము. ఇరుక్కొన్న జొన్న చొప్పను తీయడానికి చేయి లోపల పెట్టినప్పుడు కరెంటు వచ్చినా, ఎవరో ఫోను నొక్కినా ఏమవుతుందో వివరించనక్కర లేదు. గడ్డి మిషనుకు వేరే లైను, వేరే స్విచ్చి, అది కూడా మేత పెట్టేవారి చేతికి అందే చోట ఉండవలెను. పాలు పిండే యంత్రానికి కూడా ఇదే వర్తిస్తుంది. పశువుల నీటి తొట్టి నింపడానికైతే రిమోటు అసలు అక్కరలేదు, బంతి కుళాయి చాలును. అది చవక, సిమ్ము అడగదు.

ఇక సంఘాల బల్క్ కూలర్లు. పొదుగు నుండి వచ్చిన పాలు ఒంటి వేడిమీద ఉంటవి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించవలెను. వేడిలో సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతవనుకొంటే, 5 గంటలలో పదిసార్లు రెట్టింపై వెయ్యి రెట్లు దాటుతవి. ఇక్కడ రిమోటు వలన మేలు ఎక్కువ. ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగినా, కరెంటు పోయి జనరేటరు లేవకపోయినా కార్యదర్శి ఫోనుకు కబురు వస్తుంది. రాత్రి 11 గంటలకు కబురు వస్తే పాలను కాపాడుకోవచ్చును, తెల్లవారి ట్యాంకరు వచ్చి మరిగించే పరీక్షలో పాలు విరిగిన తరువాత చేసేదేమీ లేదు.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో, పేరు ఇక్కడ అవసరం లేదు, పరికరం చక్కగా పనిచేస్తూ ఉండగానే ఒక వేసవి రాత్రి ట్యాంకు పాలు మొత్తం చెడిపోయినవి. విచారిస్తే తేలినది ఇది. జనరేటరు బ్యాటరీ దిగిపోయి అది లేవలేదు. పరికరం ఆ సంగతిని ఒకసారి కాదు, నాలుగుసార్లు తెలిపినది. కాని దానిలో నమోదై ఉన్నది పాత కార్యదర్శి నంబరు. ఆయన పదవి వదలి ఏడాది అయినది. ఇంకా సంఘం నుండి కబుర్లు వస్తున్నవేమిటని విసుగుతో చూడడం మానుకొన్నాడు. నష్టం ఆ రోజు పాలు పోసిన సభ్యులందరి మీద పడినది. అందులో రెండు లీటర్లు పోసే ఒంటరి ఆడవారు కూడా ఉన్నారు. యంత్రం తన పని చేసినది, మనుషుల మధ్య అప్పగింత జరగలేదు. కార్యదర్శి మారినప్పుడు నగదు, స్టాకు, రసీదు పుస్తకాలు అప్పగించుకొంటారు గాని, ఫోను నంబరు అప్పగింత ఎవరికీ తోచదు.

దూర నియంత్రణకు ఉన్న హద్దు కూడా తెలుసుకోవలెను. 2019 అక్టోబరులో మన మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి నీటి ఒత్తిడికి విరిగి కొట్టుకొనిపోయినది. 2021 ఆగస్టులో పులిచింతలలో 16వ నంబరు గేటు అదే విధంగా పోయినది. ఇనుము లొంగిపోయిన తరువాత మీట గేటు పక్కన ఉన్నా ఒకటే, వంద మైళ్ళ దూరంలో ఉన్నా ఒకటే. కూలరుకు కూడా అంతే. కంప్రెసరు గ్యాసు తగ్గినా, కండెన్సరుకు గడ్డి దుమ్ము పట్టినా ఫోను వాటిని బాగుచేయదు.

కూలరున్న సంఘాలు ఈ పనులు చేసుకోవలెను. కబురు వెళ్ళవలసిన నంబర్లు ఒకటి కాక మూడు ఉండవలెను: కార్యదర్శి, అధ్యక్షుడు, కూలరు ఆపరేటరు. వారానికి ఒకసారి, పాల సేకరణ ముగిసి ట్యాంకు ఖాళీ అయిన తరువాత మెయిన్ దించి, ముగ్గురి ఫోన్లకూ కబురు ఎన్ని నిమిషాలలో వచ్చినదో, జనరేటరు లేచినదో లేదో చూసి తేదీతో వ్రాసి ఉంచవలెను. పరికరం అంకెను మాత్రమే నమ్మక, చేతి థర్మామీటరుతో ఉదయం, సాయంత్రం ట్యాంకు ఉష్ణోగ్రత చూడవలెను. రెండు అంకెలకూ ఒక డిగ్రీకి మించి తేడా వస్తే కంపెనీవారిని పిలవవలెను. సిమ్ము రీచార్జి గడువు తేదీని ట్యాంకు గది గోడ మీద సుద్దతో వ్రాయవలెను. నంబరు మార్చినప్పుడు పాలకవర్గ సమావేశంలో తీర్మానం చేసి మినిట్సు పుస్తకంలో ఎక్కించవలెను. వచ్చే తనిఖీ నుండి నగదు పుస్తకంతోపాటు ఆ పుటను కూడా మేము చూడగోరుతాము.